వాల్‌మార్టు: స్వల్పలాభపు మహావర్తకము



మా వీథి చివర నొక కిరాణా కొట్టు కలదు. దాని యజమానిని నేను చిన్ననాటినుండి యెఱుగుదును. పంచదార తూచునప్పుడు తక్కెడ ముల్లు నిలిచిన పిమ్మట నింకొక చిటికెడు పోయును, అది కొసరు. చేత డబ్బు లేనినాడు పద్దు వ్రాసికొని సరకిచ్చును, అది యరువు. ఇంటిలో నెవరికైన జబ్బుచేసినచో బియ్యపు బస్తాతోబాటు కుశలప్రశ్నయు పంపును. దానికి వెల లేదు. కొంతకాలము క్రిందట నాయన నన్ను కొట్టుముందు నిలిపి, “ఏమండీ, అమెరికాలో వాల్‌మార్టని ఒక కొట్టుందట. అందరికంటే చౌకగా అమ్ముతాడట. వాడికి మాత్రం సరుకు ఊరికే వస్తుందా?” అని యడిగెను. నాకు వెంటనే జవాబు తోచలేదు. ఆ జవాబు వెదకుచు నేను తెలిసికొన్న సంగతులే నేటి ప్రసంగము.

ముందుగా దాని కొలత చెప్పెదను. 2025 జనవరితో ముగిసిన వర్తక సంవత్సరమున వాల్‌మార్టు కంపెనీకి వచ్చిన రాబడి సుమారు 68,100 కోట్ల డాలర్లు. 19 దేశములలో దానికి 10,750 దుకాణములుండెను. పనివారు సుమారు 21 లక్షలు. వారిలో 16 లక్షలమంది అమెరికాలోనే యుండిరి. ప్రభుత్వములను విడిచినచో లోకమున నింతమందికి జీతములిచ్చు సంస్థ మఱియొకటి లేదు. ఇంత బేరముమీద మిగిలిన నికరలాభము మాత్రము డాలరునకు మూడు సెంట్లకు లోపే. ఈ లెక్క విని మా కొట్టు యజమాని, “నూటికి మూడా! అయితే నేనే నయం” అని నవ్వెను. ఆయన మాటలో నబద్ధము లేదు. ఆ మూడు సెంట్లు ఎంత త్వరగా, ఎన్నిమాఱులు గల్లాపెట్టెలో పడుననుటలోనే యీ వర్తకపు మర్మమున్నది.

దీనిని స్థాపించిన శామ్ వాల్టను 1918 మార్చి 29వ తేదీన ఓక్లహోమా రాష్ట్రములోని కింగ్‌ఫిషరను గ్రామమున జన్మించెను. ఆయన పెరిగినది మిసోరీ రాష్ట్రమున. అవి అమెరికాలో గొప్ప ఆర్థిక మాంద్యపు దినములు. తండ్రి తాకట్టు వ్యాపారపు కంపెనీలో పనిచేయుచు, బాకీ తీర్చలేని రైతుల పొలములు స్వాధీనపఱచుకొను విధిని నిర్వర్తింపవలసి వచ్చెను. బాలుడైన శామ్ అప్పుడప్పుడు వెంట బోయెడివాడు. తరతరముల నుండి దున్నుకొన్న పొలమును విడిచిపోవు కుటుంబములను జూచిన కన్నులవి. పైసా విలువ ఆయనకు బడిలో నెవరును నేర్పలేదు. పాలు పోసి, వార్తాపత్రికలు పంచి, చదువుకొని, 1940లో పట్టభద్రుడై, జె. సి. పెన్నీ యను దుకాణసంస్థలో నెలకు 75 డాలర్ల జీతముమీద చేరెను. యుద్ధకాలమున సైన్యములో పనిచేసి, 1945లో ఆర్కన్సా రాష్ట్రమునందలి న్యూపోర్టు పట్టణమున ‘బెన్ ఫ్రాంక్లిన్’ అను పేరుగల చిల్లర వస్తువుల దుకాణము నొకదానిని కొనెను. తనవి 5,000 డాలర్లు; మామగారి వద్ద అప్పుగా తెచ్చినవి 20,000 డాలర్లు. మామగారి సొమ్ముతో వ్యాపారము మన దేశములో మాత్రమే జరుగునని తలచువారు ఈ సంగతి గమనింపవలెను.

ఆ కొట్టులోనే ఆయనకొక లెక్క తెలియవచ్చెను. అది యెంత చిన్నదో యంత గొప్పది. ఎనుబది సెంట్లకు కొన్న వస్తువును ఒక డాలరు ఇరువది సెంట్లకు అమ్మినచో నలువది సెంట్లు లాభము. దానినే డాలరునకు అమ్మినచో లాభమిరువది సెంట్లే, అనగా సగము. కాని వెల తగ్గిన వెంటనే మూడింతల సరకు చెల్లుచున్నది. మూడిరువదులు అరువది, నలువదికంటె నరువది మేలు గదా. ఈ లెక్క ప్రతి వర్తకునకు నోటికి వచ్చినదే. అయినను వెల తగ్గించుటకు చేయి సాగువారు తక్కువ. అమ్మకపు వెల తగ్గవలెనన్న కొనుగోలు వెల మొదట తగ్గవలెను. బెన్ ఫ్రాంక్లిన్ సంస్థవారు తమవద్దనే సరకు కొనుమని నిర్బంధించుచుండగా, వాల్టను తన పాతబండి వెనుక సామానుబండి తగిలించుకొని, మధ్యవర్తుల నెడము చేసి, చౌకగా నిచ్చువారిని వెదకికొని పోయెడివాడు. అయిదేండ్లలో నా దుకాణము చుట్టునున్న ఆఱు రాష్ట్రములలోని బెన్ ఫ్రాంక్లిన్ దుకాణములన్నిటిలో మొదటిదయ్యెను.

అప్పుడొక దెబ్బ తగిలెను. అద్దె పత్రము వ్రాసికొన్ననాడు, గడువు ముగిసిన పిమ్మట మఱల పొడిగించుకొను హక్కు తనకు ఉండవలెనను మాట అందు చేర్పించుట యాయన మఱచెను. బేరము బాగుగా సాగుచున్న సంగతి యింటి యజమాని చూచుచునే యున్నాడు; తన కుమారునకు ఆ కొట్టు కావలెనన్నాడు. ఎంత యద్దె నిత్తునన్నను వినలేదు. 1950లో వాల్టను అయిదేండ్ల కష్టమును అక్కడనే యప్పగించి, భార్యతోను నలుగురు బిడ్డలతోను ఊరు విడిచెను. చేరినది బెంటన్‌విల్లు; అప్పటికి జనసంఖ్య మూడువేలు. ఈమాఱు కొట్టుతోబాటు కట్టడమునుకూడ కొనెను. ప్రక్కనున్న క్షౌరశాల స్థలమునకు 99 ఏండ్ల కౌలు వ్రాయించుకొన్న తరువాతనే బేరము ముగించెను. పత్రములను ఒకటికి రెండుమాఱులు చదువు నలవాటు ఆయనకు జీవితాంతము పోలేదు.

తరువాతి పండ్రెండేండ్లలో తమ్మునితో కలిసి పదునైదునకు పైగా చిన్న దుకాణములు పెట్టెను. చౌక దుకాణములను పెద్దవిగా, చిన్న యూళ్లలో పెట్టుదమని బెన్ ఫ్రాంక్లిన్ వారికి చెప్పిచూచెను. తమ లాభము తగ్గునని వారు ఒప్పుకొనలేదు. అప్పుడు తనకున్నదంతయు తాకట్టుపెట్టి, మూలధనములో నూటికి 95 వంతులు తానే వేసి, 1962 జూలై 2వ తేదీన రోజర్సు పట్టణమున మొదటి వాల్‌మార్టును తెఱచెను. అప్పటికాయనకు 44 ఏండ్లు.

ఇందొక విచిత్రమున్నది. ఆ 1962వ సంవత్సరముననే అమెరికాలో కేమార్టు, టార్గెట్టు, ఉల్కో యను మఱి మూడు చౌక దుకాణసంస్థలు పుట్టినవి. మూడింటి వెనుకను ధనబలముగల పెద్ద కంపెనీలే యుండెను. బాలారిష్టములతో పుట్టినది వాల్‌మార్టు ఒక్కటే. ఉల్కో అమెరికాలో 1983లో మూతపడెను. కేమార్టు 2002లో దివాలా దరఖాస్తు పెట్టి, క్షీణించి క్షీణించి, అమెరికా ప్రధాన భూభాగములోని తన చివరి పెద్ద దుకాణమును 2024లో మూసికొనెను. టార్గెట్టు బాగుగనే యున్నది.

బాలారిష్టములంటిని గదా, ఒకటి చెప్పెదను. 1964లో హారిసను పట్టణమున రెండవ వాల్‌మార్టు ప్రారంభోత్సవము. జనాకర్షణమునకై కొట్టుముందు పుచ్చకాయల గుట్ట పోసి, పిల్లల సవారికి గాడిదలను తెచ్చి నిలిపిరి. నాడు ఎండ మండిపోవుచుండెను. పుచ్చకాయలు పగిలెను, ఆ రసము గాడిదల పేడతో కలిసి, జనుల కాళ్లతోబాటు కొట్టులోనికి ప్రవేశించెను. చూడవచ్చిన డేవిడ్ గ్లాసను యువ వర్తకుడు, ఇంతకంటె అధ్వాన్నపు దుకాణమును తానెన్నడును చూడలేదని నిశ్చయించుకొని పోయెను. ఆ గ్లాసే 1976లో వాల్‌మార్టులో చేరి, 1988లో దానికి ప్రధాన కార్యనిర్వాహకుడయ్యెను. 1984లో ఆయనతో పందెము వేసి యోడిన వాల్టను న్యూయార్కులోని వాల్ స్ట్రీటున గడ్డిపావడ కట్టి హవాయి నృత్యము చేయవలసి వచ్చెను. కోటీశ్వరులు వీథిలో నాట్యమాడుట మనమంతగా చూడము.

ఇక మా కొట్టు యజమాని ప్రశ్నకు వచ్చెదను. సరకు ఊరికే రాదు. మఱి చౌక యెక్కడినుండి వచ్చినది? మొదటిది చోటు. ఇతర సంస్థలు నగరములకొఱకు పోరాడుచుండగా వాల్టను అయిదారువేల జనమున్న యూళ్లను ఎన్నుకొనెను. తానే చిన్న విమానమును నడపుచు, పైనుండి రోడ్లు కలియు తావులను చూచి స్థలములు నిర్ణయించెడివాడు. రెండవది సరకు రవాణా, ఇదియే ప్రాణము. మొదట గిడ్డంగి కట్టును. ఆ గిడ్డంగినుండి లారీ ఒక్క దినములో పోయిరాగల దూరమున చుట్టును దుకాణములు పెట్టును. ఆ ప్రాంతము నిండిన పిమ్మటనే మఱియొక గిడ్డంగి. సాలెపురుగు గూడు అల్లినట్లు ప్రక్కప్రక్కనే పెరిగెనే గాని దూరమునకు దుమికినది కాదు. గిడ్డంగిలోనికి వచ్చిన సరకులో చాలభాగము ఒక తలుపున దిగి, నిలువ యుండకయే యింకొక తలుపున వేఱు లారీ యెక్కును. నిలిచిన సరకు నిద్రించు సొమ్మని మన పెద్దలెఱుగుదురు.

మూడవది సమాచారము. ఏ దుకాణమున ఏ వస్తువు నేడెన్ని చెల్లినవో కేంద్రమునకు తెలియవలెను. ఇందుకై యంత్రగణకములను ముందుగనే వాడుకలోనికి తెచ్చి, 1987లో సొంత ఉపగ్రహ వార్తావ్యవస్థను పూర్తిచేసెను. అప్పటికి అమెరికాలో ప్రైవేటు సంస్థల కున్న అట్టివానిలో నదియే పెద్దది. నాలుగవది పిసినితనము. ఆయన కాలమున ఉద్యోగులు ప్రయాణములలో ఒకే గదిని ఇద్దఱు పంచుకొనవలసి యుండెను. 1985లో అమెరికాలో నగ్రగణ్యుడైన ధనికుడని పేరుపొందిన తరువాతను వాల్టను తన పాత ఫోర్డు బండినే నడపెను. అది నేడు బెంటన్‌విల్లు ప్రదర్శనశాలలో నున్నది.

ధనమునకై 1970లో వాటాలు జనులకు అమ్మిరి. వాటా వెల పదాఱున్నర డాలర్లు. 1980 నాటికి దుకాణములు 276. 1988లో కూరగాయలు మొదలు కుర్చీలవఱకు ఒకే కప్పుక్రింద నమ్ము ‘సూపర్ సెంటరు’ మిసోరీలో ప్రారంభమయ్యెను. 1990 నాటికి అమెరికాలో నింతటి చిల్లర వర్తకుడు వేఱొకడు లేకపోయెను. 1992 ఏప్రిల్ 5వ తేదీన వాల్టను మరణించెను.

ఇంతవఱకు చెప్పినది గెలిచినవాని కథ. గెలుపు పుస్తకమునకు ఓటమి పద్దుకూడ నుండును.

ఆర్కన్సాలోనే కాన్వే యను పట్టణము కలదు. అందలి మూడు చిన్న మందుల దుకాణముల యజమానులు, వాల్‌మార్టు కొన్ని మందులను కొన్నవెలకంటె తక్కువకు అమ్మి తమ్ము నాశనము చేయజూచుచున్నదని వ్యాజ్యము వేసిరి. పోటీదారులను చెఱచు నుద్దేశముతో నష్టమునకు అమ్మరాదని ఆ రాష్ట్రమున చట్టమున్నది. 1993లో విచారణ న్యాయస్థానము దుకాణదారులకు అనుకూలముగా తీర్పు చెప్పెను. 1995లో రాష్ట్ర ఉన్నత ధర్మాసనము నలుగురు ఒకవైపు, ముగ్గురు ఒకవైపుగా ఆ తీర్పును కొట్టివేసెను. కొన్ని వస్తువులను నష్టమునకు అమ్మినంత మాత్రమున పోటీని చంపు నుద్దేశము ఋజువు కాదనియు, ఊరిలో పోటీ యింకను నున్నదనియు వారి భావము. చౌకగా కొనుక్కొను రోగికిని, తరములుగా మందులమ్ము ముసలి వర్తకునికిని మధ్య న్యాయమెవరి పక్షమున నుండవలెను? ఏడుగురు న్యాయమూర్తులకే యేకాభిప్రాయము కుదరనిచోట నేను తొందరపడి చెప్పజాలను.

అయోవా స్టేటు విశ్వవిద్యాలయాచార్యుడు కెన్నెతు స్టోను 1980ల చివరనుండి ఆ రాష్ట్రపు పట్టణముల అమ్మకపు లెక్కలు తీసి పరిశీలించెను. ఆయన కనుగొన్నది ఆలోచింపదగినది. వాల్‌మార్టు వచ్చిన యూరిలో మొత్తము వ్యాపారము పెరుగును. భోజనశాలలవంటి వానికి లాభమే. వాల్‌మార్టు అమ్ము వస్తువులనే యమ్మువారు నష్టపోవుదురు. అంతకంటె నష్టము చుట్టుప్రక్కల నున్న, వాల్‌మార్టు రాని చిన్న యూళ్లది. అక్కడి జనము బండి యెక్కి వచ్చి యిచ్చటనే కొనుటచే ఆ యూళ్ల అంగడివీథులు చిన్నవోయెను. చిన్న యూళ్లను వెదకి వెదకి బాగుపడిన సంస్థవలన చిన్న యూళ్లే చిక్కిపోవుట నాకు మిక్కిలి విషాదముగా తోచినది.

సరకు తయారుచేయువారి సంగతి తెలిపెదను. ఊరగాయ కథ గావున మన గృహిణులకు రుచించును. వ్లాసిక్కు అనునది అమెరికాలో దోసకాయ ఊరగాయకు పేరుపొందిన కంపెనీ. 1990ల చివర వాల్‌మార్టు ఆ ఊరగాయను ఒక గాలను, అనగా నించుమించు 3.8 లీటర్ల సీసాలో, 2 డాలర్ల 97 సెంట్లకు పెట్టెను. జనము విరగబడి కొనిరి. సీసాకు ఒకటి రెండు సెంట్లకంటె లాభము లేదు. ఇంటికి తెచ్చినవారు కొంత తిని, తక్కినది బూజుపట్టగా పాఱవేసిరి. ఇతర దుకాణములలో వెలగల చిన్న సీసాలు కొనువారు తగ్గిరి. వెల పెంచుకొననిండని కంపెనీ ప్రాధేయపడినను చిరకాలము వాల్‌మార్టు వినలేదు. 2001లో వ్లాసిక్కు దివాలా దరఖాస్తు పెట్టెను. దానికి వేఱు అప్పులును కారణములే గాని, ఆ పెద్దసీసా మాత్రమే కాదు. అయినను, చౌక యెప్పుడును శూన్యములోనుండి పుట్టదనుట కిది దృష్టాంతము.

పనివారి విషయమున నీ సంస్థ కీర్తి మఱింత మసక. కార్మికసంఘమన్న మాట దానికి గిట్టదు. 2000లో టెక్సాసులోని జాక్సన్‌విల్లు దుకాణమున మాంసము కోయు పనివారు సంఘము పెట్టుకొనవలెనని వోటు చేసిరి. రెండు వారములు గడవకముందే, ఇకమీదట ముందే కోసి కట్టిన మాంసమునే తెప్పింతుమని కంపెనీ ప్రకటించెను, కోతపనియే లేకపోయెను. కెనడాలో జాంకియేరు పట్టణపు దుకాణమున సంఘము ఏర్పడగా, 2005లో ఆ దుకాణమునే మూసివేసిరి. ఆ దేశపు సర్వోన్నత న్యాయస్థానము 2014లో కంపెనీ చేసినది తప్పని తేల్చెను. తొమ్మిదేండ్ల తరువాతి న్యాయము! విమర్శలు ముదిరిన పిమ్మట 2015లో కనిష్ఠ వేతనము గంటకు తొమ్మిది డాలర్లు చేసి, తరువాత పెంచుచు వచ్చిరి. మంచికూడ చెప్పవలెను: 2005లో కత్రీనా తుపాను వచ్చినప్పుడు కొన్నితావులలో ప్రభుత్వ సహాయముకంటె ముందు చేరినవి వాల్‌మార్టు లారీలే. పుచ్చకాయల నాటినుండి నేర్చిన రవాణావిద్య నాడు ప్రాణములు నిలిపెను.

అమెరికా దాటిన పిమ్మట జయాపజయములు సమానము. మెక్సికోలో 1991లో అడుగుపెట్టి బాగుగా పాదుకొనెను. జర్మనీలో 1997లో ప్రవేశించి 2006లో చేతులెత్తివేసెను. అక్కడ ఆల్డి, లిడ్లు అను దుకాణములవారు చౌకలో దీనికి తాతలు. అదిగాక, గుమ్మమువద్ద నిలిచి ప్రతివానికి చిఱునవ్వుతో స్వాగతము చెప్పు అమెరికా మర్యాద జర్మనులకు వెగటాయెను. ఉద్యోగుల పరస్పర ప్రేమవ్యవహారములపై పెట్టిన నిబంధనలను ఊపర్తాలు న్యాయస్థానము కొట్టివేసెను. ఆ 2006లోనే దక్షిణకొరియానుండియు వెడలిపోయెను. ఎవరి వీథికి వారి యలవాటు.

మన దేశమునకు 2007లో భారతీ సంస్థతో భాగస్వామ్యమున వచ్చెను. విదేశీ సంస్థలు నేరుగా జనులకు అన్నిరకముల సరకు చిల్లరగా నమ్ముటకు అప్పుడు చట్టమొప్పలేదు. దుకాణదారులకు టోకుగా నమ్ముటకు ఆటంకము లేదు. కావున ‘బెస్ట్ ప్రైస్’ అను పేరుతో 2009లో అమృతసరున మొదటి టోకు దుకాణము పెట్టి, తరువాత హైదరాబాదు, విజయవాడ, గుంటూరు మొదలైన మన పట్టణములలోను పెట్టిరి. 2013లో భాగస్వామ్యము విడిపోయెను. 2018లో ఫ్లిప్‌కార్టు కంపెనీలో నూటికి 77 వంతులు 1,600 కోట్ల డాలర్లకు కొనిరి. 2020లో ఆ టోకు దుకాణములు ఫ్లిప్‌కార్టు క్రిందికి వచ్చెను. బెంటన్‌విల్లులో నేడు మన తెలుగు ఇంజనీర్లు పెక్కుమంది కాపురములు పెట్టుకొని యున్నారు; ఆ లెక్కల యంత్రములలో కొన్నింటిని నడపుచున్నది వారే.

ఈ సంగతులన్నియు నేను కాగితముమీద వ్రాసికొని పోయి మా కొట్టు యజమానికి చదివి వినిపించితిని. ఆయన నెమ్మదిగా విని, బల్లక్రిందనుండి యొక చీటీ తీసి చూపెను. అది ఆ బెస్ట్ ప్రైస్ సభ్యత్వపు చీటీ! ఎన్నో యేండ్లుగా సబ్బులు, నూనెలు అక్కడనే కొనుచున్నాడట. అది యమెరికావారిదని యెఱుగడు. టోకువర్తకుని వద్ద కంటె బస్తాకు కొన్ని రూపాయలు కలిసివచ్చెనట. “మరి ఆ టోకువర్తకుడు ఏమయ్యాడండీ?” అని యడిగితిని. ఆ కొట్టు మూతపడినదనియు, కొడుకు హైదరాబాదులో ఉద్యోగమున చేరినాడనియు చెప్పెను. “ఇప్పుడు అన్నీ ఫోనులోనే రాయమంటున్నారండీ. బేరమాడదామంటే అవతల మనిషే ఉండడు” అనుచు, నా కోసము తూచిన పంచదారపై నింకొక చిటికెడు పోసెను.

నాకిచ్చిన వేళ ముగిసినది. సెలవు.